చంద్రవంక వెంట ఎత్తిపోతల దాకా

ఎత్తిపోతల చూడటానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నాగార్జునసాగర్ వైపు నుంచి వస్తారు. పొద్దున్నే హైదరాబాదులో బయల్దేరి, డ్యాం చూసి, లాంచీలో నాగార్జునకొండకు వెళ్ళొచ్చి, పొద్దు వాలేలోగా ఇంకో పదకొండు కిలోమీటర్లు ఇటు వచ్చి, జలపాతం ఎదుట నాలుగు ఫొటోలు దిగి వెనక్కి మళ్ళుతారు. మాచర్ల వాళ్ళం మేం అవతలి దిక్కు నుంచి వెళ్తాం. ఎత్తిపోతలలో దూకే చంద్రవంక మా ఊరిని ఒరుసుకుంటూ పారి, తర్వాతే అక్కడికి చేరుతుంది. వాళ్ళు ఏటికి ఎదురు వస్తారు, మేం ఏటితో పాటు వెళ్తాం. ఊళ్ళో పుట్టి పెరిగినవాడిగా నాకున్న పట్టుదల ఒక్కటే: ఎత్తిపోతలను చంద్రవంక నుంచి విడదీసి చూడకూడదు. అట్లా చూస్తే డెబ్బై అడుగుల నీటిధార ఒకటి కనిపిస్తుంది, పల్నాడు కనిపించదు.

చంద్రవంక పెద్ద ఏరేం కాదు. మాచర్లకు దక్షిణాన నల్లమల కొసల్లో పుట్టి, ఉత్తరంగా నడిచి, ఎత్తిపోతల దాటాక మూడు కిలోమీటర్లు వెళ్ళి కృష్ణలో కలుస్తుంది. ఎండాకాలం చూస్తే ఇదా ఏరు అనిపిస్తుంది. రెండు రోజులు కొండల మీద వాన పట్టిందంటే మాత్రం ఊళ్ళో పల్లపు ఇళ్ళవాళ్ళు సామాను సర్దుకోవాల్సిందే. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు వంక రంగును బట్టి పైన ఏ కొండన వాన పడిందో చెప్పేవాళ్ళు. ఆ నేర్పు మా తరానికి అందలేదు.

వంక పుట్టిన ఆ కొండలూ అడవులూ పల్నాడుకు మేత భూములు. ఇది మెట్ట సీమ. జొన్న, సజ్జ, పశువులు, ఇవే బతుకు. అందుకే ఇక్కడి చరిత్రలో పశువుల మంద మళ్ళీ మళ్ళీ అడ్డం వస్తుంది. పల్నాటి వీరుల కథలో కోడిపందెంలో ఓడిన బ్రహ్మనాయుడి పక్షం రాజ్యం వదిలి వలస పోయి మండాది దగ్గర విడిది చేసినప్పుడు, ఎదుటి పక్షం నాయకురాలు నాగమ్మ పంపిన మూకలు ఆలమందల మీద పడ్డాయని, మందను కాపాడుతూ గొల్లల పెద్ద లంకన్న ప్రాణం విడిచాడని చెబుతారు. అది 12వ శతాబ్దం చివరి మాట. ఏడు వందల ఏళ్ళు దాటాక అదే అడవి అంచున, దుర్గి మండలం మించాలపాడులో, మళ్ళీ మేత దగ్గరే రక్తం చిందింది. అడవిలో పశువులు మేపుకున్నందుకు, కంప కొట్టుకున్నందుకు తెల్లవాళ్ళ ప్రభుత్వం పుల్లరి కట్టమంది. సహాయ నిరాకరణ ఉద్యమం నడుస్తున్న రోజులు. కట్టం అన్నారు జనం. వాళ్ళను ముందుండి నడిపిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో పోలీసులు కాల్చి చంపారు. ఎత్తిపోతలకు నీళ్ళు వచ్చే దారిలో ఎగువన ఉన్న సీమ ఇది. జలపాతం దగ్గర పెట్టిన బోర్డులు ఎత్తూ దూరమూ చెబుతాయి. ఈ పేర్లు కూడా అక్కడ ఉండాలని నా కోరిక.

కొండలు దిగిన వంక మాచర్ల చేరేసరికి ఒడ్డున చెన్నకేశవస్వామి గుడి వస్తుంది. బ్రహ్మనాయుడు కొలిచిన దేవుడు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, దాయాదులు రాజ్యాన్ని పంచుకున్నప్పుడు మాచర్ల పక్షానికి మంత్రి బ్రహ్మనాయుడు. కార్యమపూడి దగ్గర నాగులేటి ఒడ్డున జరిగిన యుద్ధం సంగతి తెలుగువాళ్ళందరికీ తెలుసు కాబట్టి ఆ కథ నేను మళ్ళీ చెప్పను. ఎటు గెలిచినా మిగిలిందేమీ లేని యుద్ధం అది. నాకు యుద్ధం కన్నా దాని ముందు జరిగింది ముఖ్యం. కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడు. దాన్నే చాపకూడు అన్నారు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకులా చేరదీసి సేనాపతిని చేశాడు. 12వ శతాబ్దంలో, ఈ వంక ఒడ్డున. ఇంత పెద్ద మాట చెప్పుకోవడానికి ఉన్న ఊరు తెలుగుదేశంలో ఇంకొకటి నాకు కనిపించదు.

గుడి లోపల మండపం స్తంభాల మీద శిల్పాలు దగ్గరగా నిలబడి చూడాల్సినవి. చైత్ర పౌర్ణమికి స్వామి తిరునాళ్ళు మొదలవుతాయి. పల్లెల నుంచి ట్రాక్టర్లలో జనం దిగుతారు. ఇటు మాచర్లలో చైత్రంలో దేవుడి ఉత్సవం, అటు కార్యమపూడిలో, అంటే ఇప్పటి కారంపూడిలో, కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఒక్కో రోజుకు ఒక్కో పేరు. మందపోరు నాడు ఇప్పటికీ చాపకూడు పెడతారు. యుద్ధం అయిపోయి ఎనిమిది వందల ఏళ్ళు దాటినా, చచ్చిపోయినవాళ్ళకు ఇంకా పూజ చేసే సీమ మాది.

కార్యమపూడి కథను ద్విపదలో రాసిన శ్రీనాథుడు 15వ శతాబ్దం వాడు. పల్నాడు తిరిగి, ఇక్కడి జొన్నకూటి మీద, నీళ్ళు లేని ఊళ్ళ మీద ఆయన విసుక్కుంటూ చెప్పినవని చాటువులు ప్రచారంలో ఉన్నాయి. పల్నాటివాళ్ళం వాటిని కోపం లేకుండానే చెప్పుకుంటాం, ఎందుకంటే ఆయన అన్నది నిజం. సన్నన్నం ఇక్కడ పండగ అన్నం. మా నాయనమ్మ కాలం దాకా రోజూ తినేది జొన్నే. పొయ్యి మీద మట్టికుండలో జొన్నసంగటి, రోట్లో నూరిన గోంగూర కారం. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఎత్తిపోతల కథలో దీనికి ఒక పాత్ర ఉంది. దాని దగ్గరికి వస్తాను.

మొన్న కార్తీకంలో మా అక్కావాళ్ళు హైదరాబాదు నుంచి వచ్చారు. ఆదివారం ఎత్తిపోతలలో వనభోజనం అనుకున్నాం. మా బావకు సాగర్ మీదుగా వచ్చేటప్పుడే చూసుకుని రావచ్చు కదా అని ఉండింది. "అట్టా కాదు బావా, ముందు వంక చూడాలి, గుడి చూడాలి, తర్వాతే ఎత్తిపోతల" అని నేనే ఆపాను. పొద్దున్నే చెన్నకేశవుడి దర్శనం చేసుకుని, ఒడ్డున కాసేపు నిలబడ్డాం. మేనకోడలు వంకలోకి చూసి, "మామయ్యా, ఈ నీళ్ళేనా అక్కడ దూకేది?" అని అడిగింది. ఈ నీళ్ళే అన్నాను. ఒడ్డు వెంట ప్లాస్టిక్ సంచులు, కొట్టి పారేసిన ఇటుకలు, ఊళ్ళోంచి వచ్చి కలుస్తున్న మురుగు. ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

మాచర్ల దాటి సాగర్ రోడ్డెక్కాక నేల తీరు మారుతుంది. ఎర్రనేల, మధ్యమధ్య నాపరాయి పరుపు, కంప చెట్లు, దూరాన తండాలు. ఈ సీమంతా సున్నపురాయి మీద ఉంది. ఇళ్ళ అరుగులకు నాపరాళ్ళు, పొలం గట్లకు నాపరాళ్ళు, పశువుల కొట్టాల్లో గాడి కూడా నాపరాయితోనే. 1958లో మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టిందీ ఈ రాయిని చూసుకునే, పక్కన సాగర్ డ్యాం లేస్తున్న రోజుల్లోనే. మా పెదనాన్న తరంలో ఇంటికొకరు డ్యాం పనికో, ఫ్యాక్టరీకో వెళ్ళినవాళ్ళు ఉండేవాళ్ళు. ఊరికి మొదటిసారి నెలజీతం వచ్చింది అప్పుడే.

రోడ్డు మీద నుంచి పక్కకు తిరిగి కొద్ది దూరం వెళ్తే ఎత్తిపోతల. జలపాతం కింద నుంచి తలెత్తి చూసేది కాదు, ఎదుటి గుట్ట మీద కట్టిన వ్యూ పాయింట్ నుంచి కిందికి చూసేది. లోయ అవతల బండ పొరలు పొరలుగా తేలి ఉంటుంది. ఆ బండ అంచు నుంచి నీళ్ళు ఒకే ధారగా కాకుండా పాయలు పాయలుగా దిగుతాయి. చంద్రవంక వాగు, నక్కల వాగు, తుమ్మల వాగు, మూడు కలిసి వచ్చి దూకే చోటు ఇది. మంచి వానలు పడ్డ ఏడు పాయలన్నీ కలిసిపోయి బండ కనపడదు, నీళ్ళు ఎర్రగా ఉంటాయి, ఆ చప్పుడులో పక్కనున్నవాళ్ళ మాట వినపడదు. కార్తీకానికి నీళ్ళు తేరుకుంటాయి. తెల్లటి పాయల మధ్య నల్లబండ, దాని పగుళ్ళలో నాచు, అక్కడక్కడ బండనే పట్టుకుని పెరిగిన చెట్లు కనిపిస్తాయి. కింద మడుగు ఆకుపచ్చగా కదలకుండా ఉంటుంది. నాకు కార్తీకం చూపే ఇష్టం.

మడుగు అందంగా ఉంది కదా అని దిగే నీళ్ళు కావవి. అక్కడ మొసళ్ళున్నాయి. 1975లో దేశమంతటా మొసళ్ళను కాపాడే పథకం మొదలయ్యాక, ఆంధ్రలో వాటిని పెంచిన చోట్లలో ఎత్తిపోతల మడుగు ఒకటైంది. మంచినీటి మొసళ్ళు ఇవి, మగ్గర్ జాతివి. ఆ రోజు మా బావ కళ్ళకు ఒకటి దొరికింది. మడుగు అంచున పల్చటి బండ మీద, ఎండ పడే చోట, నోరు సగం తెరిచి పడుకుని ఉంది. వీపు మీద గట్లు బురద ఎండి బూడిద రంగుకు తిరిగాయి. చాలాసేపటిదాకా పిల్లలు అది బండే అనుకున్నారు. అది తోకను ఒక్క జానెడు పక్కకు జరిపింది. అంతే, కమ్మీ పట్టుకుని పిల్లలందరూ ఒకేసారి అరిచారు. తర్వాత పది నిమిషాలు జలపాతాన్ని ఎవరూ చూడలేదు. నోరు తెరిచి పడుకోవడం కోపం కాదనీ, ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి అట్లా చేస్తుందనీ మా బావే వాళ్ళకు చెప్పాడు.

ఎత్తిపోతల కేవలం చూసే చోటు ఎప్పుడూ కాదు, మొక్కే చోటు కూడా. లోయ గోడల్లోని గుహలో దత్తాత్రేయస్వామి ఉన్నాడు, తోడుగా మధుమతీదేవి. దత్తుడిని ఒంటరి అవధూతగానే తలచుకునేవాళ్ళకు ఇది కొత్తగా ఉంటుంది. ఎత్తిపోతల దత్తుడు మధుమతీ సమేతుడు. రంగనాథుడి గుడి కూడా ఉంది. యతులు తపస్సు చేసుకున్న తావు అని పెద్దలు చెబుతారు. దత్తుడికి ఇక్కడ గట్టి భక్తులు లంబాడీలు. చుట్టుపక్కల తండాల నుంచే కాదు, కృష్ణ అవతల నల్గొండ వైపు నుంచి కూడా వస్తారు. జలపాతం గురించి రాసేవాళ్ళు గుడిని ఒక వాక్యంలో దాటేస్తారు, లంబాడీలను అసలే తలవరు. యాత్రికులు, పర్యాటకులు అనే మాటలు ఇక్కడ పుట్టకముందే ఈ లోయ దిగి ఎక్కినవాళ్ళు వాళ్ళు. దారి వాళ్ళది.

చెట్ల కింద చాపలు పరిచి మేం అన్నాలకు కూర్చున్నాం. పులిహోర, గోంగూర పచ్చడి, ముద్దపప్పు, పెరుగన్నం, మా అమ్మ పట్టుబట్టి చేయించిన జొన్నరొట్టెలు. పక్కనే ఇంకా నాలుగైదు గుంపులున్నాయి. కార్తీక ఆదివారం కదా. వాటిలో రెండింటికి చెట్ల నడుమ బ్యానర్లు కట్టి ఉన్నాయి. ఫలానా కులం వారి కార్తీక వనసమారాధన. ఈ మధ్య ఏళ్ళలో మన రెండు రాష్ట్రాల్లో ఇది మామూలైపోయింది. ఉసిరిచెట్టు కింద అందరూ కలిసి తినాల్సిన అన్నం కులాల వారీగా చీటీలు పంచి పిలిచే అన్నమైంది. ఎక్కడ జరిగినా నాకు నచ్చదు, ఎత్తిపోతలలో జరిగితే మరీ కష్టంగా ఉంటుంది. ఏ నీళ్ళ పక్కన బ్యానర్ కట్టారో ఆ నీళ్ళు పొద్దున చాపకూడు పుట్టిన ఊరిని దాటి వచ్చినవి. అభిమానం ఉండొచ్చు, సంఘం ఉండొచ్చు. అన్నం దగ్గర మాత్రం, అందులోనూ పల్నాడులో, ఈ గిరి గీయకూడదు. ఇది నా గట్టి నమ్మకం.

మేం తింటుండగా సీతాఫలాలు అమ్మే లంబాడీ ఆమె గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఈ గుట్టల మీద సీతాఫలం చెట్లు తమంతట తామే పెరుగుతాయి. గంప అడుగున పచ్చి ఆకులు, వాటి మీద కాయలు, పైన కళ్ళు విచ్చి మగ్గుతున్నవి. మా అమ్మ బేరం చేయకుండానే గంప దింపించి, "రామ్మా, రెండు ముద్దలు తిని పో, ఎండన పడి తిరుగుతున్నావు" అని చాప మీద చోటు చూపించింది. ఆమె కాస్త తటపటాయించి, మా అక్క పక్కనే కూర్చుంది. జొన్నరొట్టె చూసి, "మీరూ తింటారామ్మా ఇది?" అంది. "మేం పుట్టి పెరిగింది దీంతోనే తల్లీ" అంది అమ్మ. తన తండాలో పెళ్ళయినా, బిడ్డ పుట్టినా ముందు దత్తస్వామికే మొక్కు చెల్లిస్తామని ఆమె చెప్పింది. మా వ్యాను తోలిన అబ్బాయి కూడా అదే చాప మీద తిన్నాడు. మేనకోడలు నా చెవిలో, "ఇదేనా చాపకూడు?" అని అడిగింది. అవునన్నాను.

ఇక జొన్న సంగతికి వస్తాను. అన్నాలయ్యాక బావ ఒక మంచి ప్రశ్న వేశాడు. "ఇది వానకు పారే వాగు అంటున్నావు. మరి మేం ఫిబ్రవరిలో వచ్చినప్పుడు కూడా నీళ్ళున్నాయే?" జవాబు సాగర్ దగ్గర ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నందికొండ దగ్గర శంకుస్థాపన చేశారు. ఇనుము, కాంక్రీటు మీద కన్నా రాయి మీద, మనిషి చేతుల మీద ఎక్కువ ఆధారపడి కట్టిన ఆనకట్ట అది. రాతి కట్టడంతో లేచిన డ్యాంలలో ప్రపంచంలోనే పెద్దదిగా పేరు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు, పల్నాడు వైపు వచ్చే కుడి కాలువకు జవహర్ పేరు. శ్రీనాథుడు నీళ్ళు లేవన్న సీమకు నీళ్ళు వచ్చాయి. జొన్న చేలు కొన్ని వరి మళ్ళయ్యాయి, మిగిలినచోట మిరప, పత్తి. ఆ కాలువల నుంచి ఎత్తిపోతలకూ నీళ్ళు వదులుతారు, చూడవచ్చినవాళ్ళ కోసం. అందుకే వానలు వెళ్ళిపోయాక కూడా జలపాతం పారుతుంది. కృష్ణ నీళ్ళను డ్యాం ఎత్తి కాలువలో పోస్తే, అందులో కొంత ఎత్తిపోతల మీదుగా దూకి, డ్యాంకు దిగువన మళ్ళీ కృష్ణలోనే కలుస్తుంది. మా చిన్నప్పటి కన్నా ఇప్పుడు ఎక్కువ నెలలు జలపాతం కనిపిస్తుందంటే కారణం ఇదే. ప్రకృతి అని మనం మురిసిపోయే దాంట్లో సగం, వేసవిలో అయితే సగానికి మించి, కూలీల చెమట ఉంది. అది తెలిసి చూస్తే జలపాతం అందం తగ్గదు.

సాగర్ ఇచ్చింది చెప్పి, తీసుకున్నది చెప్పకపోతే తప్పు. డ్యాం వెనక నీట మునిగిన లోయలో విజయపురి ఉంది, 3వ, 4వ శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల చాంతమూలుడు ఏలిన నగరం. చాంతమూలుడి తోబుట్టువు చాంతిసిరి మహాచైత్యానికి కానుకలిచ్చిన శాసనాలు అక్కడే దొరికాయి. 1926లో ఎ.ఆర్. సరస్వతి ఆ శిథిలాలను గుర్తించారు, తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. డ్యాం కట్టాలని తేలాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, దొరికినవాటిని నాగార్జునకొండ మీదికీ, కుడి ఒడ్డున అనుపుకూ తరలించారు. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి మళ్ళీ పేర్చారు. అనుపులో మెట్ల వరుసల రంగస్థలం నేటికీ చూడొచ్చు. నడిబొడ్డున నిలబడి మాట్లాడితే పై మెట్టు దాకా వినపడుతుంది. ఆ రాజధానితో పాటు ఊళ్ళు కూడా మునిగాయి. మా చుట్టాల్లో పాత ఊరి పేరు ఇప్పటికీ ఇంటిపేరులా తగిలించుకు తిరిగేవాళ్ళున్నారు, ఆ ఊరు నీళ్ళ అడుగున ఉంది. ఎత్తిపోతల లోయ మునగలేదు. డ్యాంకు దిగువన ఉంది కాబట్టి బతికింది. ఈ చుట్టుపక్కల పాతకాలపు లోయ ఎట్లా ఉండేదో తెలుసుకోవాలనుకునేవాడికి మిగిలిన ఆనవాలు ఇది. ఇదే పోతే ఇంకొకటి లేదు.

ఇన్ని రాజ్యాలు, ఇన్ని జిల్లాలు మారాయి. 1904లో గుంటూరు జిల్లా పుట్టేదాకా పల్నాడు కృష్ణా జిల్లాలో ఉంది. ఆ తర్వాత నూట పదిహేడేళ్ళు గుంటూరులో. 2022 ఏప్రిల్ 4 నుంచి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు పేరుతోనే జిల్లా ఉంది. పేరు జిల్లాకు దక్కింది, సంతోషమే. ఆ పేరుకు తగ్గ పని చంద్రవంక ఒడ్డున మొదలు కావాలి. ఊరి మురుగు శుద్ధి కాకుండా వంకలో కలవకూడదు. వంకలో ఇళ్ళ శిథిలాలు, కోళ్ళ వ్యర్థాలు పోసేవాళ్ళను ఆపాలి. అధికారులు చేయాల్సింది వాళ్ళు చేయాలి, కానీ చెత్త సంచి చేత్తో పట్టుకుని ఒడ్డుకు నడిచేది మాత్రం మనమే. మాచర్లలో మనం పారేసిన సంచి ఎక్కడికీ పోదు. డెబ్బై అడుగులు దూకి, మొసళ్ళ మడుగులో తేలుతుంది. ఆ రోజు వ్యూ పాయింట్ మీద నుంచి నా కళ్ళతో చూశాను, మడుగు ఒక మూలన నీలిరంగు సంచులు చేరి ఉన్నాయి.

బయటి ఊళ్ళ వాళ్ళకు ఒక మాట. రండి, పిల్లలను తీసుకు రండి. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా ఎప్పుడొచ్చినా బాగుంటుంది. సాగర్ నుంచి వచ్చి అటే తిరిగి పోకుండా, గుంటూరు నుంచి మాచర్లకు రైలుంది, బస్సులున్నాయి, పొద్దున్నే ఇక్కడ దిగండి. చెన్నకేశవుడి గుడి చూసి, వంక వెంట ఎత్తిపోతలకు వెళ్ళి, గుహలో దత్తుడికి దండం పెట్టుకుని, సాయంత్రానికి అనుపు చేరండి. మడుగులో దిగకండి, మొసళ్ళకు తిండి విసరకండి. విస్తరాకులు, నీళ్ళ సీసాలు మీ సంచిలోనే వెనక్కి తీసుకుపోండి. చాప మాత్రం పెద్దది తెచ్చుకోండి, ఇంకో నలుగురికి చోటుండేట్టు.